ఆర్వీలో మనంతట మనమా, కారవాన్ గ్రూపుతోనా? రెండూ వాడి చూశాక

మేము డాలస్‌లో ఉంటాం. మాది 25 అడుగుల క్లాస్ సి మోటర్‌హోమ్, అంటే మంచాలు, వంటగది, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే ఓ రకం ఆర్వీ. కొన్నేళ్ళుగా పిల్లలతోనూ, వేసవిలో ఇండియా నుంచి వచ్చే అత్తయ్య, మామయ్యలతోనూ అందులోనే తిరుగుతున్నాం. చాలావరకు సొంతంగానే వెళ్తాం. అలాస్కాకి మాత్రం డబ్బు కట్టి, చాలా ఆర్వీలు కలిసి వెళ్ళే కారవాన్ గ్రూపులో వెళ్ళాం. ఏది మేలని అడిగిన వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే: దారిని చూసి తేల్చుకోండి. బండి ఆగిపోతే గంటలో మెకానిక్ దొరికే దారైతే గ్రూపు అక్కర్లేదు. దొరకని దారైతే ఆ డబ్బు కట్టేయండి.

గ్రూపంటే బండ్లన్నీ బారు కట్టి ఒకదాని వెనక ఒకటి పోతాయని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. ముందు వెళ్ళి అన్నీ చూసుకునే ఆయన్ని వాగన్ మాస్టర్ అంటారు, అందరి తర్వాత బయల్దేరే ఆయన్ని టెయిల్ గన్నర్ అంటారు. గ్యాస్ (పెట్రోల్) ఎక్కడ పోయించుకోవాలి, రోడ్డు ఎక్కడ పాడైంది అన్నీ రాసిన రూట్ షీట్ చేతికిస్తారు. పొద్దున మీటింగ్ అయ్యాక ఎవరి వీలును బట్టి వాళ్ళు బయల్దేరి, సాయంత్రానికి ఒకే క్యాంప్‌గ్రౌండ్‌కి చేరతారు. మేం కట్టిన డబ్బులో బండి నిలుపుకునే సైట్లు, టూర్లు, కొన్ని భోజనాలు ఉన్నాయి. గ్యాస్ ఖర్చు మాదే.

అలాస్కా హైవేని 1942లో యుద్ధ అవసరాల కోసం అమెరికా సైన్యం వేసింది. కెనడాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా సుమారు 2,200 కిలోమీటర్లు. యూకాన్‌లో క్లువానె సరస్సు దాటాక నేల అడుగున గడ్డకట్టిన పొర కరిగి, రోడ్డు ఎత్తుపల్లాలుగా తయారైంది. ఎంత నెమ్మదిగా నడిపినా అల్మరా తలుపులు తెరుచుకుని గిన్నెలు కిందపడేవి.

అక్కడే ఒక పొద్దున మా స్లైడ్‌ఔట్, అంటే బండి ఆపాక చోటు కోసం గోడతో సహా బయటికి జరిపే గది భాగం, లోపలికి రానని మొరాయించింది. అది బయటికి ఉండగా బండి కదపకూడదు. వర్క్‌షాపులున్న వైట్‌హార్స్ ఊరు వందల కిలోమీటర్లు వెనకబడింది. టెయిల్ గన్నర్ టూల్ బాక్సుతో వచ్చి, మంచం కింద ప్యానెల్ విప్పి, రెంచ్‌తో మోటర్ తిప్పడం మొదలుపెట్టారు. నేనూ మా ఆయనా బయటి నుంచి రెండు మూలలూ సమానంగా నెట్టాం. మొత్తానికి గది లోపలికి వచ్చింది. మామయ్యకి బీపీ ఉంది, చిన్నదానికి ఆకలి, ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఆ టెన్షన్‌లో పక్కన పని తెలిసిన మనిషి ఉండటం ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. గ్రూపుకి కట్టిన డబ్బు నాకు అక్కడే వసూలైంది.

ఇబ్బంది తిండి దగ్గరా, టైము దగ్గరా వచ్చింది. గ్రూపులో అందరూ రిటైరైన అమెరికన్లే, ఎంతో ఆప్యాయంగా చూసుకున్నారు. కానీ డిన్నర్ సాయంత్రం ఐదింటికే, అదీ సాల్మన్ చేపతో. శాకాహారులైన అత్తయ్య, మామయ్యలకి సలాడే గతి. లియార్డ్ నది దగ్గర అడవి మధ్యలో వేడినీటి గుండం ఉంది. అందులో కూర్చుంటే అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు తగ్గినట్టనిపించి, "ఇంకో రోజు ఉంటే బాగుండునమ్మా" అన్నారు. ఉండలేకపోయాం, మర్నాటి సైట్లు ముందే బుక్ అయిపోయాయి. ఆవిడ అడిగిన ఆ ఒక్క రోజు ఇవ్వలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే.

సొంతంగా వెళ్తే ఆ రోజు మన చేతిలోనే ఉంటుంది, ముందు సైట్లు దొరకాలి గానీ. జయాన్ నేషనల్ పార్కులో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్ 6 నెలల ముందే తెరుచుకుంటుంది, వేసవి తేదీలు చూస్తుండగానే అయిపోతాయి. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు కొండ మీదుగా పోయే భాగంలోకి 21 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. మాలాంటి వాళ్ళు బండి కిందే వదిలి షటిల్ బస్సో, పాతకాలపు ఎర్ర బస్సో ఎక్కాలి. గ్రూపులో ఇలాంటివి వాళ్ళే చూసుకుంటారు, ఒంటరిగా వెళ్తే మనమే ముందుగా చదువుకోవాలి.

రోజువారీ పనులు మాత్రం అందరూ భయపెట్టినంత కష్టం కాదు. మురుగునీళ్ళు వదిలే డంప్ స్టేషన్‌లో ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత స్నానాల నీళ్ళ ట్యాంకు వదిలితే ఆ నీళ్ళతోనే గొట్టం కడిగినట్టవుతుంది. 30 ఆంప్స్ కరెంటు మీద ఏసీ, ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. మేం అన్నం వండేటప్పుడు ఏసీ ఆపేస్తాం. తాలింపు లోపల పెడితే స్మోక్ అలారం మోగుతుంది కాబట్టి పోపు గరిటె బయట టేబుల్ మీదే. రాత్రి పదికల్లా జనరేటర్, కుక్కర్ విజిల్ రెండూ ఆగిపోవాలి.

రెండు మూడు తెలుగు కుటుంబాలు కలిసి వెళ్ళడమూ చూశాం. వంట బాగుంటుంది, పిల్లలకి పండగే. పక్కపక్క సైట్లు దొరకడం మాత్రం గగనం.

అలాస్కా గ్రూపుకి అడ్వాన్సు కట్టేముందు ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ చూడండి. దారి కెనడా మీదుగా కాబట్టి, అమెరికా విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా వేరే తీసుకోవాలి. హెచ్1బి వాళ్ళకీ అంతే. గ్రీన్ కార్డు ఉంటే దానితోపాటు చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు చాలు. టెయిల్ గన్నర్‌కి రిపేరు పని వచ్చా, వారంలో ఖాళీ రోజులెన్ని, భోజనాలు వద్దంటే డబ్బు తగ్గిస్తారా, ఈ మూడూ ఈమెయిల్‌లో రాయించుకోండి.