గాలికొండ బాక్సైట్ చూడదలచినవారికి ఒక రోజు కారు యాత్ర ఎంతవరకు ఉపయోగం?

విశాఖపట్నం నుంచి అరకుకు ఒక రోజు కారు యాత్రలు నడిపే సంస్థలలో ఒకదాని ద్వారా గత కార్తీకంలో గాలికొండకు వెళ్ళాను. జెర్రెల, సప్పర్ల, రక్తకొండ పేర్లతో పాటు అల్యూమినియం తీసే రాయి అయిన బాక్సైట్ వార్తలలో ఏళ్ళ తరబడి వినిపించిన కొండ అది. లోయ అందం కన్నా ఆ రాయిని దగ్గరగా చూడాలన్న కోరికే నన్ను అక్కడికి తీసుకువెళ్ళింది. ఆ సంగతి బుకింగు సమయంలోనే చెప్పగా, మన్యం గురించి తెలిసిన గైడు వెంట వస్తారని సంస్థవారు మాట ఇచ్చారు.

కారు శుభ్రంగా ఉంది. అనంతగిరి ఘాట్ మలుపులలో డ్రైవరు తొందరపడకుండా, ఎదురుగా వచ్చే బస్సులకు దారి ఇస్తూ నడిపాడు. గైడు మాత్రం రాలేదు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర దిగి బాక్సైట్ సంగతి అడిగితే, "ఫొటోలు తీసుకోండి సార్, పావుగంటలో బయల్దేరాలి" అన్నదే నాకు దొరికిన జవాబు.

ఆ లోటును తీర్చినవారు రోడ్డు పక్కన కాఫీ కాస్తున్న ఒక పెద్దాయన. కొండ నెత్తి మీది నుంచి దొర్లి వచ్చిందని చెబుతూ, దుకాణం వెనుక నుంచి పిడికెడంత రాయి ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. గులాబీ, గోధుమ రంగులు కలగలిసి, చిన్న చిన్న రంధ్రాలతో ఉన్న ఆ రాయి, ఆ పరిమాణానికి నేను అనుకున్నంత బరువు లేదు. దాని మీద గ్లాసులోని నీళ్ళు కొద్దిగా పోస్తే, జారిపోకుండా చూస్తుండగానే ఇంకిపోయాయి. "పైనున్న రాయి వాన నీళ్ళు దాచుకుంటాది బాబూ, అది తవ్వేస్తే కింద గెడ్డలు (వాగులు) ఎండిపోతాయి" అన్నారాయన.

ఆ మాట వెనుక ఉన్న భూగర్భ శాస్త్రం కూడా ఆసక్తికరమైనదే. ఈ కొండల మూల శిల ఖోండలైట్. ఆ పేరు ఇక్కడి ఖోండు గిరిజనుల నుంచే వచ్చింది. లక్షల ఏళ్ళ పాటు ఎండకూ వానకూ ఆ శిల శిథిలమవుతూ, అందులోని సిలికా నీటితో కొట్టుకుపోగా, కరగని అల్యూమినియం, ఇనుము కొండల పైభాగాన మిగిలిపోయి బాక్సైట్‌గా మారాయి. సిలికా ఖాళీ చేసిన చోట్లే ఆ రంధ్రాలు. సుమారు 4 టన్నుల బాక్సైట్ నుంచి 2 టన్నుల అల్యూమినా (శుద్ధి చేసిన తెల్లని పొడి), దాని నుంచి 1 టన్ను అల్యూమినియం వస్తాయి. ఇదే తూర్పు కనుమల వరుసలో, ఒడిశాలోని పంచపట్మాలి కొండ మీద ప్రభుత్వ రంగ అల్యూమినియం సంస్థ నాల్కో 1980ల నుంచి తవ్వుతోంది. అక్కడి దామన్‌జోడిలోని శుద్ధి కర్మాగారంలో తయారైన అల్యూమినా ఎగుమతికి విశాఖ రేవుకే వస్తుంది.

మన వైపు కథ వేరు. గిరిజనుల రక్షణకు ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు సమతా అనే స్వచ్ఛంద సంస్థ కేసులో చెప్పిన తీర్పుకు మూలమైన వివాదం ఈ అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతానిదే. బొర్రా గుహల దగ్గర కారు గంటన్నర ఆగినా, ఆ విషయం చెప్పే మనిషి పక్కన లేకపోవడం నాకు గైడు రాకపోవడం కన్నా ఎక్కువ కష్టం కలిగించింది. నిజానికి రెండూ ఒకటేననుకోండి.

వాహనానికీ డ్రైవరుకూ ఐదుకు నాలుగు ఇస్తాను, వివరణకు ఒకటి. గైడు రుసుము తిరిగి ఇమ్మని అడిగితే, రెండు ఫోన్ల తరువాత సగం వాపసు చేశారు. లోయ, కాఫీ, గుహలు చాలనుకునే కుటుంబాలకు ఈ యాత్ర బాగానే సరిపోతుంది. నేను మాత్రం ఈసారి విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలులో బొర్రా వరకు వెళ్ళి, అక్కడ స్థానిక జీపు మాట్లాడుకుని, నేరుగా ఆ కాఫీ దుకాణం దగ్గర దిగుతాను.