లాక్‌డౌన్‌లో హైదరాబాద్ పౌరసేవలు: ఏ ప్రకటన అక్కరకొచ్చింది, ఏది తికమక పెట్టింది

2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్‌తో బస్సులు ఆగి, ఆఫీసులు మూతపడ్డాక హైదరాబాద్‌లో ప్రతి ఇంటికీ కావాల్సిన సమాచారం ఒక్కటే: ఏది వస్తుంది, ఏది రాదు, మనం చేయాల్సిందేమిటి. జీహెచ్‌ఎంసీ, జలమండలి, విద్యుత్ పంపిణీ సంస్థ, పౌరసరఫరాల శాఖ ఎవరి ప్రకటన వాళ్లు ఇచ్చారు. సేవ నడిచిందా లేదా అని చూస్తే దాదాపు అన్నిటికీ మంచి మార్కులే పడతాయి. ప్రకటన చదివిన మనిషి తన వంతు ఎంతో ఇంట్లోనే లెక్క వేసుకోగలిగాడా అని చూస్తేనే తేడాలు తెలుస్తాయి.

ఆ కొలతతో చూస్తే రేషన్ ప్రకటనదే మొదటి స్థానం. కార్డులో పేరున్న ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు. నలుగురుంటే 48 కిలోలు. డీలర్ తూకం దగ్గర వాదించడానికి ఇంకే కాగితమూ అక్కర్లేదు. కార్డు లేని వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అన్నదీ అంతే స్పష్టంగా చెప్పారు. అన్నపూర్ణ కేంద్రాల్లో 5 రూపాయల భోజనాన్ని ఆ రోజుల్లో ఉచితం చేశారు. ఆకలితో ఉన్నవాడిని ఏ పత్రమూ అడగని సేవ అది, నగరం గర్వపడాల్సిన పని.

చెత్త సేకరణ కూడా ఆగలేదు. అందరూ ఇళ్లలో ఉంటే స్వచ్ఛ ఆటోలు, పారిశుద్ధ్య కార్మికులు మాత్రం పొద్దున్నే వీధుల్లో ఉన్నారు. జీహెచ్‌ఎంసీ, జలమండలి పారిశుద్ధ్య సిబ్బందికి ప్రభుత్వం ఏప్రిల్‌లో 7,500 రూపాయల చొప్పున ప్రోత్సాహకం ప్రకటించింది. వాళ్ల చేతికి వచ్చే చెత్త ఎలా ఉండాలన్నది మాత్రం జనానికి సరిగ్గా ఎక్కలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి అప్పటి నియమం ప్రకారం మామూలు ఇళ్లలో వాడేసిన మాస్కులు, గ్లౌజులు కాగితం సంచిలో కనీసం 72 గంటలు ఉంచి, మళ్లీ ఎవరూ వాడకుండా కత్తిరించి, ఆ తర్వాతే పొడి చెత్తలో వేయాలి. పాజిటివ్ వచ్చి హోం ఐసోలేషన్‌లో ఉన్నవాళ్ల మాస్కులు, దూది, రక్తం, స్రావాలు అంటినవి ఆసుపత్రి చెత్తకు వాడే పసుపు సంచిలో వేరుగా కట్టాలి. వాళ్లు తిన్న పళ్ల తొక్కలు, మిగిలిన అన్నం లాంటివి మామూలు చెత్తే. చాలా ఇళ్లలో భయంతో అంతా ఒకే సంచిలో కట్టేశారు. దాంతో పసుపు సంచుల బరువు అనవసరంగా పెరిగింది. ఇంకొన్ని ఇళ్లలో మాస్కులు తడి చెత్త డబ్బాలోనే పడ్డాయి, చేత్తో వేరుచేసే మనిషికి అది నేరుగా ప్రమాదం.

వీధుల్లో హైపోక్లోరైట్ (క్లోరిన్ ఉన్న క్రిమిసంహారక ద్రావణం) పిచికారీ ఫొటోలు రోజూ పత్రికల్లో వచ్చాయి. పెట్టిన శ్రమకు ఫలితం దక్కని పని ఇదేనని మా అభిప్రాయం. దుమ్ము, మట్టి తగిలితే క్లోరిన్ అక్కడికక్కడే బలం కోల్పోతుంది. వైరస్ మీద పనిచేయాలంటే ద్రావణం కొన్ని నిమిషాలు తడిగా నిలవాలి, ఎండిన తారురోడ్డు మీద అది కుదరదు. వీధుల పిచికారీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పింది. మనుషుల మీద కొట్టడం హానికరమని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. ఆ ద్రావణం అసలు పనికొచ్చేది లిఫ్ట్ బటన్లు, మెట్ల రెయిలింగు, తలుపు గడియల దగ్గర. 3.5 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచ్ ఒక గ్లాసుకు రెండున్నర గ్లాసుల చల్లటి నీళ్లు కలిపితే 1 శాతం ద్రావణం తయారవుతుంది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ఇనుప వస్తువులను కాసేపాగి మంచినీళ్లతో తుడవకపోతే తుప్పు పడుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, వచ్చేది క్లోరిన్ వాయువు.

నల్లా నీళ్ల గురించి చెప్పుకోవాల్సినంత ఇబ్బంది లేదు.

అసలు గందరగోళం కరెంటు బిల్లుల్లో వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో మీటర్ రీడింగ్ తీయలేదు. కిందటి ఏడాది అదే నెల బిల్లు ఎంతయితే అంత కట్టమన్నారు. జూన్‌లో రీడింగ్ తీసి, మొత్తం యూనిట్లను మూడుతో భాగించి, నెలకు ఆ సగటు పడ్డట్టు లెక్కగట్టి, అప్పటికే కట్టింది మినహాయించారు. ఈ పద్ధతి చాలామందికి బిల్లు చేతికొచ్చాకే తెలిసింది. స్లాబుల (వాడకాన్ని బట్టి మారే రేట్ల) సంగతి తెలిస్తే ఆ కోపం ఎందుకో అర్థమవుతుంది. అప్పటి రేట్లలో నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.30, రెండో వందకు 4.30 రూపాయలు. అంటే 200 యూనిట్లకు 760 రూపాయలు. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ రేటు 5 రూపాయలవుతుంది, ఆ పైన 300 వరకు 7.20. కాబట్టి 201 యూనిట్లకు 1,007.20 రూపాయలు. ఒక్క యూనిట్‌కు 247.20 రూపాయల తేడా!

ఒక ఇంట్లో మూడు నెలల వాడకం 140, 190, 290 యూనిట్లు అనుకుందాం. ఏ నెలకానెల లెక్కిస్తే 502, 717, 1,648 కలిపి 2,867 రూపాయలు. సగటు తీస్తే నెలకు దాదాపు 207 యూనిట్లు, మూడు నెలలూ పై స్లాబులోకి వెళ్లి మొత్తం 3,144 అవుతుంది. 277 రూపాయలు అదనం. అదే వాడకం 150, 180, 260 అయితే విడివిడిగా 2,651, సగటు మీద దాదాపు 2,237. ఇక్కడ వినియోగదారుడికే 414 రూపాయలు మిగిలాయి. ఇవన్నీ ఎనర్జీ ఛార్జీలు, అంటే వాడిన యూనిట్ల ధర మాత్రమే. సగటు పద్ధతి అందరినీ ముంచిందన్న మాటా నిజం కాదు, ఎవరికీ నష్టం లేదన్న మాటా నిజం కాదు. ఇలాంటి ఇళ్లకు నెలసరి సగటు 200కు ఇటు పడిందా అటు పడిందా అన్నదాని మీదే అంతా ఆధారపడింది. ఈ రెండు ఉదాహరణలు ఏప్రిల్ ప్రకటనలోనే అచ్చువేసి ఉంటే, కనీసం మే నెలంతా మీటర్ చూసుకుంటూ ఏసీ వాడకం తగ్గించుకునే వీలుండేది. జూన్ బిల్లులో చూడాల్సినవి మూడు: పాత రీడింగ్, కొత్త రీడింగ్, ఏప్రిల్–మేలో కట్టిన మొత్తం తగ్గించారా లేదా. మొత్తం భారమైనవాళ్లకు వాయిదాల వెసులుబాటు తర్వాత ఇచ్చారు.

ఆస్తిపన్ను విషయంలో జీహెచ్‌ఎంసీ ప్రకటనలు దీనికంటే చాలా నయం. 2020 ఆగస్టులో మొదలైన వన్ టైమ్ సెటిల్‌మెంట్‌లో 2019–20 వరకున్న అసలు బకాయి మొత్తం, వడ్డీలో 10 శాతం ఒకేసారి కడితే మిగతా 90 శాతం వడ్డీ మాఫీ. అసలు 20,000, వడ్డీ 8,000 ఉంటే కట్టాల్సింది 20,800. నవంబర్‌లో ఏడాదికి 15,000 రూపాయల లోపు పన్ను ఉన్న ఇళ్లకు ఆ సంవత్సరం సగం రాయితీ ప్రకటించారు, ముందే కట్టేసినవాళ్లకు మరుసటి ఏడాది సర్దుబాటు. పొరపాట్లు వచ్చేది ఎక్కువగా పీటీఐఎన్ (ఆస్తిపన్ను గుర్తింపు నంబరు) దగ్గరే. పంపకం జరిగి కొత్త నంబరు వచ్చిన ఇళ్లకు పాత నంబరు మీద డబ్బు కడితే కొత్త నంబరు మీద బకాయి అలాగే ఉంటుంది. కట్టేముందు నంబరుతో పాటు యజమాని పేరు, ఇంటి నంబరు తెర మీద సరిచూసుకోవాలి.

ఇంకా ఎక్కువగా చాటి చెప్పాల్సింది మరణాల నమోదు గురించి. ఆసుపత్రిలో జరిగితే ఆసుపత్రే తెలియజేస్తుంది. ఇంట్లో జరిగితే కుటుంబ సభ్యులే చెప్పాలి. 21 రోజుల్లోపు రుసుము లేదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుము, ఆపైన ఏడాది లోపు అధికారి అనుమతి కావాలి, అప్పట్లో అఫిడవిట్ కూడా ఇవ్వాల్సి వచ్చేది. పింఛను, బీమా, బ్యాంకు ఖాతా అన్నీ ఆ ఒక్క కాగితం మీదే ఆగుతాయి కనుక, ఆసుపత్రి రాసిన పేరు, ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని అక్షరం అక్షరం చూడాలి. నమోదు కాకముందు ఆసుపత్రి ఫారంలో దిద్దించడం సులువు, సర్టిఫికెట్ వచ్చాక అదే దిద్దుబాటుకు మళ్లీ దరఖాస్తు, రుజువు పత్రాలు పెట్టుకోవాలి.