జైలు నుంచి వచ్చినవారికి ఓటరు పోర్టల్ ఎంతవరకు ఉపయోగం?

శిక్ష పూర్తయినా ఓటు ఇక రాదనుకునేవారు చాలామంది. అది తప్పు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 62(5) ఓటును ఆపేది జైల్లోనో పోలీసు కస్టడీలోనో ఉన్నంతకాలమే. బెయిల్‌పై బయట ఉన్నా వేయొచ్చు. ఎన్నికల సంఘం పోర్టల్‌లో ముందు ఎపిక్ (ఓటరు గుర్తింపు కార్డు) నంబరుతో ఓటర్ల జాబితాలో పేరు వెతకండి. పేరుండి ఇల్లు మారితే చిరునామా మార్పుకు ఫారం 8 పెట్టాలి. చిక్కంతా పేరు లేనప్పుడే: ఇంటింటి పరిశీలనలో ‘ఇక్కడ లేరు’ అని తీసేసి ఉంటే ఫారం 8 పనికిరాదు, ఫారం 6తో కొత్తగా నమోదు కావాలి. చిరునామా ఇంటిదే ఇవ్వాలి, జైలుది చెల్లదు. రిఫరెన్స్ నంబరుతో దరఖాస్తు ఎక్కడుందో చూసుకోవచ్చు, ఇది మంచి ఏర్పాటు. నామినేషన్ల గడువు దాటితే ఆ ఎన్నికకు పేరు చేర్చరు. ఓటర్లకు లంచం, దొంగ ఓటు నేరాల్లో శిక్ష పడితే మాత్రం తీర్పు నుంచి 6 ఏళ్లు ఓటుండదు. విడుదల రోజే జైలు అధికారులు ఈ వివరాలు రాసిస్తే బాగుంటుంది. నెట్ తెలియనివారు 1950కి ఫోన్ చేయొచ్చు.