ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టు జాబితాలు, బలాబలాల నివేదికలు: ఏళ్ల తరబడి వాడిన మీదట ఒక సమీక్ష

జూనియర్ ఐస్ హాకీ ఆడే పదిహేడేళ్ల కుర్రాళ్లలో రేపు ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగు) స్థాయికి ఎవరు చేరతారో అంచనా వేయడానికి సామాన్య ప్రేక్షకుడికి దొరికే సాధనాలు ప్రధానంగా రెండు. ఒకటి, ఎన్‌హెచ్‌ఎల్ సెంట్రల్ స్కౌటింగ్ విభాగం ఏటా వెలువరించే ర్యాంకుల జాబితా. రెండోది, స్వతంత్ర స్కౌట్లు (ప్రతిభను వెతికే పరిశీలకులు) రాసే డ్రాఫ్టు (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ప్రక్రియ) గైడ్లలో ఒక్కొక్క ఆటగాడి పేరు కింద బలాలు, బలహీనతలు అని విడదీసి ఇచ్చే నివేదిక. దక్షిణ ఓంటారియోలో ఉంటూ, ఓహెచ్‌ఎల్ (ఓంటారియో జూనియర్ లీగు) మ్యాచ్‌లకు చాలా సీజన్లుగా వెళ్తూ, ఈ రెండింటినీ దగ్గర పెట్టుకొని ఆట చూసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎవరిని చూడాలో తెలుసుకోవడానికి జాబితాను నమ్మవచ్చు, ఆ కుర్రాడు ఇవాళ ఏమి చేయగలడో తెలుసుకోవడానికి నివేదికను నమ్మవచ్చు. కానీ అందులో రాసిన లోపాల్లో ఏది పోయేది, ఏది ఉండిపోయేది అన్న విషయంలో మాత్రం రెండూ పెద్దగా అక్కరకు రావు. అసలు అంచనా అంతా ఉన్నది అక్కడే.

తెలియనివారి కోసం పద్ధతిని క్లుప్తంగా చెబుతాను. సెంట్రల్ స్కౌటింగ్ 1975లో మొదలైంది. సీజన్ ఆరంభంలో, అక్టోబరు ప్రాంతంలో, గమనించవలసిన ఆటగాళ్ల ప్రాథమిక జాబితా వస్తుంది. అందులో మొదటి రౌండు స్థాయి వారికి ఏ, రెండు మూడు రౌండ్ల వారికి బి, ఆ తరువాతి వారికి సి అన్న గుర్తులు ఉంటాయి. జనవరిలో మధ్యంతర ర్యాంకులు, ఏప్రిల్‌లో తుది ర్యాంకులు వెలువడతాయి. డ్రాఫ్టు సాధారణంగా జూన్ చివర జరుగుతుంది: 32 జట్లు, ఏడు రౌండ్లు, మొత్తం 224 ఎంపికలు. తుది జాబితా నిజానికి ఒకటి కాదు, నాలుగు: ఉత్తర అమెరికాలో ఆడే స్కేటర్లు (గోలు కాపలా కాయని ఆటగాళ్లు), అక్కడి గోలీలు (గోలు కాపలా కాసేవాళ్లు), ఐరోపాలో ఆడే స్కేటర్లు, అక్కడి గోలీలు. ఈ నాలుగింటినీ కలిపి ఒకే వరుసగా ఇవ్వరు కనుక, ఉత్తర అమెరికా జాబితాలో పన్నెండో స్థానంలో ఉన్నవాడు డ్రాఫ్టులోనూ పన్నెండోవాడుగా వెళ్తాడని అనుకోకూడదు. స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల కుర్రాళ్లూ, గోలీలూ ఆ వరుసలో ఎక్కడెక్కడ చేరతారో మనమే ఊహించుకోవాలి.

జాబితా గొప్పతనం దాని విస్తృతి. ఓహెచ్‌ఎల్ ఒక్కదానిలోనే 20 జట్లున్నాయి, ఒక్కో జట్టు 68 మ్యాచ్‌లు ఆడుతుంది. వెస్టర్న్ లీగూ, క్యూబెక్ లీగూ, అమెరికా లీగులూ వీటికి అదనం. ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాల్లో రింకుకు, అంటే ఐస్ మైదానానికి, వెళ్లే మనిషి ఇందులో ఏ మూలను చూడగలడు? అటువంటివాడికి ఒషావాలో ఎవరిని చూడాలి, కిచెనర్‌లో ఎవరిని చూడాలి అన్నది ఉచితంగా, ఎత్తు బరువు పుట్టిన తేదీలతో సహా చేతిలో పెట్టడం చిన్న విషయం కాదు. పైవరుసలో ఉన్న పది పన్నెండు పేర్ల విషయంలో ఈ జాబితా నన్ను నిరాశపరచిన సందర్భాలు తక్కువ. అక్కడి నుంచి కిందికి దిగిన కొద్దీ, ముప్పయ్యో స్థానానికీ అరవయ్యో స్థానానికీ మధ్య తేడా కాగితం మీద కనిపించినంతగా ఐస్ మీద కనిపించదు.

ఇక నివేదికల సంగతి. వీటిని చాలాకాలం చదివిన తరువాత మొదట తెలిసేది, కొన్ని వాక్యాలు దాదాపు అందరికీ సరిపోతాయని. ‘ఇంకా బలం పెంచుకోవాలి’ అన్న మాట లేని నివేదిక అరుదు. పదిహేడేళ్ల వాళ్లలో బలం పెంచుకోనక్కరలేని వాడెవడు? ‘రక్షణలో నిలకడ కావాలి’ అన్నదీ అటువంటిదే. ఈ పడికట్టు మాటలను పక్కన పెట్టి చూస్తే, మిగిలే లోపాలు నా లెక్కలో మూడు రకాలు: శిక్షణతో తగ్గేవి, వయసుతో తగ్గేవి, ఎంతకాలం గడిచినా అంతగా మారనివి. నివేదిక ఈ మూడింటినీ ఒకే వరుసలో, ఒకే బరువుతో రాస్తుంది.

టాంపా బే ఆటగాడు బ్రేడెన్ పాయింట్ సంగతి చూడండి. మూస్ జా జూనియర్ జట్టులో ఆడినప్పుడు అతడి మీద ఉన్న సందేహాలు రెండు: పొట్టివాడు, పైగా స్కేటింగ్‌లో మొదటి అడుగుల వేగం చాలదు. 2014 డ్రాఫ్టులో 79వ స్థానం దాకా అతడిని ఎవరూ తీసుకోలేదు. తరువాత స్కేటింగ్ కోచ్‌తో పట్టుదలగా పనిచేసి లీగులోని వేగవంతులలో ఒకడయ్యాడు. టాంపా బే 2020, 2021లలో వరుసగా స్టాన్లీ కప్పు (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే కప్పు) గెలిచినప్పుడు రెండు ప్లేఆఫ్‌లలోనూ పద్నాలుగేసి గోల్స్ కొట్టాడు. మార్క్ స్టోన్ కథ ఇంకొక రకం. బ్రాండన్ జూనియర్ జట్టులో ఆడుతూ 2010లో 178వ స్థానంలో, అంటే ఆరో రౌండులో, ఎంపికైన అతడికి కాళ్ల వేగం లేదన్నారు. ఆ మాట నిజమే. ఇవాళ్టికీ అతడు వేగవంతుడు కాడు. కానీ ఎదుటివాడి పాస్ ఎటు వెళ్తుందో ముందే పసిగట్టి కర్రతో లాగేసే నేర్పు ఆ లోపాన్ని కప్పేసింది, 2023లో వేగస్ కెప్టెన్‌గా చివరి ఫైనల్ మ్యాచ్‌లో హ్యాట్రిక్ చేసి కప్పు అందుకున్నాడు. ఒకరి లోపం పోయింది, మరొకరి లోపం పోకుండానే అడ్డు తొలగింది. వీరికి ఎదురుగా 2012లో మొదటి ఎంపికగా వెళ్లిన నెయిల్ యకుపోవ్‌ను నిలబెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. సార్నియా జూనియర్ జట్టులో అతడి షాటూ, వేగమూ కళ్లు చెదిరేవి. కానీ పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తన దగ్గర లేనప్పుడు ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు ఎన్‌హెచ్‌ఎల్‌లో 350 మ్యాచ్‌లు ఆడినా జవాబు దొరికినట్లు నాకనిపించలేదు. ఆ మ్యాచ్‌లలో అతడు సంపాదించినవి, గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి, 136 పాయింట్లు.

అందుకే నేను రింకులో గోల్స్ కంటే చిన్న చిన్న పనుల మీద కన్నేసి ఉంచుతాను. ముఖ్యంగా డిఫెన్స్‌మన్ (రక్షణ ఆటగాడు) వెనక్కి వెళ్లి పక్ అందుకునే తీరు. ఎదుటి జట్టు పక్‌ను మూలకు కొడుతుంది. ఇతడు తన గోలు వైపు ముఖం పెట్టి పరుగెత్తాలి, వీపు వెనుక ఒక ఫోర్‌చెకర్, అంటే పక్ లాక్కోవడానికి వచ్చే ప్రత్యర్థి, తరుముతుంటాడు. ఈ మూడు నాలుగు సెకన్లలో కుర్రాడు భుజం మీదుగా వెనక్కి చూశాడా, చూస్తే ఒక్కసారేనా, రెండుసార్లా, పక్ తాకకముందు చూశాడా, తాకిన తరువాత చూశాడా అన్నది చాలా చెబుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌లో ఒకే జట్టు డిఫెన్స్‌మన్లు ఇద్దరిని గమనించాను. జాబితాలో పైన ఉన్నవాడు ఆరడుగుల మూడంగుళాల వాడు, ముందుకు స్కేట్ చేస్తే చూడముచ్చటగా ఉంటాడు. మూలకు వెళ్లినప్పుడు మాత్రం కళ్లు పక్ మీదే, దాన్ని అందుకున్నాకే తల ఎత్తేవాడు, అప్పటికి ఫోర్‌చెకర్ మీదికి వచ్చేసేవాడు, ఇక రింకు చుట్టూ ఉన్న గ్లాసుకేసి కొట్టి వదిలించుకోవడమే దిక్కయ్యేది. రెండోవాడు జాబితాలో చాలా కింద ఉన్నాడు. పక్ వైపు వెళ్తూనే ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి చూసి, ఎడమకు వెళ్తున్నట్లు నడుము తిప్పి, కుడివైపు సెంటర్‌కు (మధ్యలో ఆడేవాడికి) మెత్తని పాస్ ఇచ్చేవాడు. మ్యాచ్ పొడవునా అతడు చేసింది ఇదే. స్కోరు పట్టికలో అతడి పేరు ఎక్కడా లేదు. నివేదికలో అతడి గురించి ఉన్నది ‘దాడిలో ప్రమాదకరమైన ఆటగాడు కాడు’ అన్న ఒక్క ముక్క.

ఆదివారం మధ్యాహ్నం అని ఊరికే చెప్పలేదు. ఓహెచ్‌ఎల్‌లో వరుసగా శుక్ర, శని, ఆది మూడు రోజులు మూడు మ్యాచ్‌లు ఆడే వారాలుంటాయి, మధ్యలో బస్సు ప్రయాణాలు. సడ్‌బరీ, సూ సెయింట్ మారీ జట్లకైతే ఆ ప్రయాణాలు గంటల తరబడి. మూడో మ్యాచ్ చివరి భాగమైన మూడో పీరియడ్‌లో కుర్రాడి కాళ్లు బరువెక్కుతాయి. అప్పుడు బుర్ర చేసే పని బయటపడుతుంది, దొంగాట కూడా బయటపడుతుంది. కానీ ఆ ఒక్క మ్యాచ్ చూసి ‘పట్టుదల లేదు’ అని రాసేవారినీ చూశాను. అది న్యాయం కాదు.

జాబితాలో అందరూ చూసీ చూడనట్లు వదిలేసే గడి పుట్టిన తేదీ. డ్రాఫ్టు అర్హతకు సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిదేళ్లు నిండాలి. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబరు 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్టు తప్పి, ఒక సీజన్ జూరిక్‌లో పెద్దల లీగులో ఆడి, 2016లో మొదటి ఎంపికగా వెళ్లాడు. 2001 సెప్టెంబరు 11న పుట్టిన నిక్ రాబర్ట్‌సన్‌ది అటుపక్క కథ: 2019 డ్రాఫ్టులో అతి పిన్నవయస్కులలో ఒకడిగా 53వ స్థానంలో ఎంపికై, మరుసటి ఏడు పీటర్‌బరో తరఫున 46 మ్యాచ్‌లలో 55 గోల్స్ కొట్టాడు. ఒకే జాబితాలో ఉన్న ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు, ఆ వయసులో ఏడాది అంటే రెండంగుళాల ఎత్తు, పది కిలోల బరువు కూడా కావచ్చు. జనవరి, ఫిబ్రవరిల్లో పుట్టిన పిల్లలు చిన్నప్పటి నుంచీ తమ వయో విభాగంలో పెద్దవాళ్లుగా ఉండి ఎంపికలలో ముందు నిలవడం కెనడా హాకీలో చాలాకాలంగా తెలిసిన సంగతే. బ్రాంప్టన్, మిస్సిసాగాలలో పిల్లలను మైనర్ హాకీలో చేర్చిన తెలుగు తల్లిదండ్రులు ‘మావాడు వెనకబడ్డాడు’ అన్నప్పుడు నేను ముందుగా అడిగేది ఏ నెలలో పుట్టాడని.

ఎదుగుదల విషయంలో లేన్ హట్సన్ ముందుచూపు నాకు బాగా నచ్చింది. పొట్టివాడన్న మాట తప్పదని తెలిసి, తన ఎముకల వయసు అసలు వయసుకన్నా వెనక ఉందనీ, ఇంకా పెరిగే అవకాశం ఉందనీ వైద్యుడి లేఖను జట్లకు చూపించాడు. అయినా 2022లో 62వ స్థానం దాకా ఆగాడు. 2025లో మాంట్రియాల్ తరఫున కాల్డర్ ట్రోఫీ (ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చేది) గెలిచాడు.

పాయింట్ల పట్టికను చదవడానికి పక్కన ఎవరు ఆడుతున్నారో తెలియాలి. దీనికి అలెక్స్ డెబ్రింకాట్‌ను మించిన పాఠం లేదు. ఓహెచ్‌ఎల్‌లోని ఈరీ ఆటర్స్ జట్టులో 2014–15లో కొత్తవాడిగా 51 గోల్స్ కొట్టాడు. కానర్ మెక్‌డేవిడ్ అదే జట్టులో ఉన్నాడు కనుక ఆ గోల్స్ మెక్‌డేవిడ్ పుణ్యమే అన్నవారు చాలామంది. మెక్‌డేవిడ్ ఎడ్మంటన్ వెళ్లిన తరువాత, 2015–16లోనూ సరిగ్గా 51 కొట్టాడు. అయినా ఐదడుగుల ఏడంగుళాల వాడని 39వ స్థానంలో షికాగో తీసుకుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో రెండు సీజన్లలో 41 గోల్స్ చొప్పున చేశాడు. నివేదిక చదివేటప్పుడు ఈ పాయింట్లలో పవర్‌ప్లేలో (శిక్ష వల్ల ఎదుటి జట్టుకు ఆటగాళ్లు తక్కువైనప్పుడు) వచ్చినవెన్ని, ఐదుగురికి ఐదుగురు ఆడినప్పుడు వచ్చినవెన్ని అని నేను విడిగా చూసుకుంటాను. పేరున్న సెంటర్ గాయపడి రెండు వారాలు లేనప్పుడు అతడి పక్కన అంచున ఆడే వింగర్ ఎలా ఆడాడన్నది అంతకన్నా మంచి కొలత.

శారీరక పరీక్షల శిబిరం, అంటే కంబైన్, గురించి తక్కువే చెప్పాలి. 2014 తుది జాబితాలో ఉత్తర అమెరికా స్కేటర్లలో మొదటి స్థానంలో ఉన్న శామ్ బెనెట్ ఆ శిబిరంలో ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడు. ఆ వార్త వారాల తరబడి నడిచింది. కొన్ని నెలలకే అతడి భుజానికి శస్త్రచికిత్స జరిగింది. 2025లో ఫ్లోరిడా జట్టు స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు ప్లేఆఫ్‌లలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతడికే దక్కింది.

గోలీల జాబితా నేను దాదాపుగా వాడను. పదిహేడేళ్ల గోలీ ఇరవై నాలుగేళ్లకు ఏమవుతాడో చెప్పడం చాలా కష్టం. మూడుసార్లు వెజినా (ఉత్తమ గోలీకి), 2025లో హార్ట్ ట్రోఫీ (అత్యంత విలువైన ఆటగాడికి) గెలిచిన కానర్ హెలబక్ 2012లో 130వ ఎంపిక.

మొత్తంగా జాబితాకు ఐదులో నాలుగు, నివేదికలకు ఐదులో రెండున్నర ఇస్తాను. వాడేముందు గమనించవలసిన సంగతి ఒకటుంది: సెంట్రల్ స్కౌటింగ్ తుది జాబితా ఏప్రిల్ మధ్యలో వస్తుంది, ప్రపంచ అండర్-18 పోటీలు సాధారణంగా ఆ తరువాతే జరుగుతాయి, ఓహెచ్‌ఎల్ ప్లేఆఫ్‌లు మే దాకా సాగుతాయి. కనుక కుర్రాళ్లు అన్నిటికన్నా ఒత్తిడితో ఆడిన మ్యాచ్‌లు అందులో లెక్కకు రావు. డబ్బు పెట్టి కొనే గైడు అయితే జూన్‌లో వెలువడేదే తీసుకోండి, అందులోనూ రచయిత ఆ ఆటగాడిని ఏయే తేదీల్లో, ఏ ప్రత్యర్థి మీద చూశాడో రాసి ఉంటేనే. తేదీలు లేని నివేదికలకు నేను డబ్బు పెట్టడం మానేశాను.