లైసెన్సు కొత్తది, కారు 400 గుర్రాలది: ఏది మేలు?

లైసెన్సు చేతికొచ్చి నెల కూడా తిరగని పిల్లాడికో పిల్లకో స్పోర్ట్స్ కారు తాళం ఇవ్వొచ్చా? ఇలా అడిగేవాళ్ళలో కొందరికి ఇంట్లో అప్పటికే అలాంటి బండి ఉంటుంది. కొందరు పిల్లల పోరు పడలేక కొనడానికి సిద్ధమై ఉంటారు. ఎటు తిప్పి అడిగినా చివరికి తేలే మాట ఒకటే: "స్పీడుకి లిమిట్ పెట్టి ఇస్తే పర్వాలేదు కదా?"

పర్వాలేదని అనలేం. ఎందుకో తెలియాలంటే టాప్ స్పీడు గొడవ పక్కన పెట్టి పికప్ లెక్క చూడాలి.

50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒక మలుపు అనుకోండి. ఊళ్ళోంచి పెద్ద రోడ్డెక్కే చోట ఇలాంటివి మామూలే. దాన్ని 50 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే టైర్లు సుమారు 0.4 జీ, అంటే బండి బరువులో 0.4 వంతు, పట్టు ఇవ్వాలి. వాన పడి రోడ్డు తడిగా ఉంటే మంచి టైర్లు కూడా 0.6 జీ దగ్గర చేతులెత్తేస్తాయి. ఆ పట్టుతో ఆ మలుపు తిరగగల గరిష్ఠ వేగం 62. అంటే డ్రైవరుకు మిగిలిన వెసులుబాటు 12 కిలోమీటర్లు. మలుపు ఇంకా పూర్తి కాకముందే, ఎదురుగా రోడ్డు ఖాళీగా కనబడిందని కాలు గట్టిగా నొక్కాడు. సున్నా నుంచి వందకు 12 సెకన్లు తీసుకునే మామూలు కారు సగటున సెకనుకు 8 కిలోమీటర్లు పెంచుకుంటుంది. కాబట్టి 62 చేరడానికి దానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. వందకు 4 సెకన్లలో చేరే స్పోర్ట్స్ కారు సెకనుకు 25 పెంచుకుంటుంది. దానికి అర సెకను చాలు.

నా దృష్టిలో మొత్తం తగవు తేలేది ఈ ఒక్క సెకను తేడా దగ్గరే. పక్కకు జారుతున్నానన్న సంగతి ఒంటికి తెలిసి, కాలు కదిలేసరికి కొత్త డ్రైవరుకు తేలిగ్గా ఒకటి, ఒకటిన్నర సెకను పడుతుంది. మామూలు కారులో ఆ లోపు బండి హద్దు దగ్గరికి వస్తుంది. టైర్లు కీచుమంటాయి, పిల్లాడు ఉలిక్కిపడి కాలు తీస్తాడు, బండి ఇంకా దారిలోనే ఉంటుంది. ఓ పాఠం ఉత్తినే దక్కినట్టు. స్పోర్ట్స్ కారులో సంగతి తెలిసేసరికే బండి హద్దు దాటి ఉంటుంది. పైగా అప్పుడు కాలు ఠక్కున తీయడం ఇంకా ప్రమాదం. ఇవి ఎక్కువగా వెనక చక్రాలతో నడిచే బండ్లు. మలుపులో యాక్సిలరేటర్ హఠాత్తుగా వదిలితే బరువంతా ముందుకు వాలుతుంది, వెనక టైర్లు తేలికై తోక బయటికి విసిరేస్తుంది. ముందు చక్రాలతో నడిచే మామూలు కారు హద్దు దాటితే ముక్కు మలుపు బయటికి పోతుంది. దానికి మందు కాలు తీయడమే. భయపడ్డ మనిషి ఎలాగూ చేసే పని కూడా అదే కాబట్టి, ఆ కారు భయాన్ని కూడా క్షమిస్తుంది.

టర్బో ఇంజన్ అయితే ఇంకో చిక్కు. కాలు నొక్కిన వెంటనే ఏమీ జరగదు. చాలలేదేమో అనుకుని ఇంకాస్త నొక్కుతారు. అర సెకను తర్వాత బలమంతా ఒక్కసారి తోసుకొస్తుంది, సరిగ్గా స్టీరింగు ఇంకా తిప్పి ఉన్నప్పుడే.

స్పోర్ట్స్ కారు పక్షాన చెప్పాల్సినవీ ఉన్నాయి. బ్రేకులు పెద్దవి, టైర్లు మెత్తనివి, బండి నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సామాన్యంగా బోల్తా పడదు. వంద నుంచి ఆగడానికి మామూలు కారుకు 40 మీటర్ల చిల్లర పడితే దీనికి 35 చాలు. కానీ వంద వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. బ్రేకులు మిగిల్చిన ఆ ఐదారు మీటర్లూ పావు సెకను పరధ్యానానికే ఖర్చయిపోతాయి. అదీగాక కొత్తవాళ్ళు బ్రేకు పూర్తిగా తొక్కరు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ కాలికింద గడగడలాడుతుంది. ఏదో విరిగిందనుకుని సగంలో కాలు వదిలేస్తారు. ఎంత గొప్ప బ్రేకులున్నా సగమే తొక్కితే సగమే ఆపుతాయి.

"ఈఎస్‌సీ ఉంది కదా, అదే కాపాడుతుంది" అనేవాళ్ళకు: ఈఎస్‌సీ, అంటే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, చేసేది ఇంజన్ బలం తగ్గించడం, ఏదో ఒక చక్రానికి బ్రేకు వేసి బండిని స్టీరింగు చూపిన వైపు మళ్ళించడం. చాలా మంచి పరికరం, అది లేని బండి కొత్త డ్రైవరుకు అసలు ఇవ్వకూడదు. అయితే రోడ్డు ఇవ్వని పట్టును అది పుట్టించలేదు. 62 హద్దున్న మలుపులోకి 85తో వచ్చిన బండిని అది చేయగలిగితే తిన్నగా ఉంచుతుంది, తిన్నగానే అవతలి గట్టు మీదికి. పైగా ఈ కార్లలో స్పోర్ట్, ట్రాక్ అని మోడ్‌లుంటాయి. అవి నొక్కితే యాక్సిలరేటర్ చురుకవుతుంది, ఈఎస్‌సీ పగ్గాలు సడలుతాయి. స్నేహితుడు పక్క సీట్లో ఉన్నప్పుడు ఆ మీట మీద చెయ్యి పడకుండా ఉంటుందా?

ఇక స్పీడు లిమిట్. ఫోర్డ్ వాళ్ళ మైకీ, జీఎం వాళ్ళ టీన్ డ్రైవర్ లాంటి ఏర్పాట్లు బాగా పనికొస్తాయి: బెల్టు పెట్టుకోకపోతే పాటలు రావు, ఈఎస్‌సీ ఆపనివ్వవు, గరిష్ఠ వేగానికి హద్దు పెడతాయి. టీన్ డ్రైవర్ అయితే ఎంత దూరం, ఎంత వేగంతో తోలాడో పెద్దవాళ్ళకు రిపోర్టు కూడా చూపిస్తుంది. ఇవి తాళం వేసేది మాత్రం ప్రధానంగా టాప్ స్పీడుకే. 130 దగ్గర హద్దు పెట్టిన బండి 50 నుంచి 90కి ఎగబాకడంలో ఏమాత్రం తగ్గదు, పైన చెప్పిన మలుపు కథ నడిచేది ఆ మధ్యలోనే. పికప్‌నే తగ్గించి, పిన్ లేకుండా మార్చనివ్వని ఏర్పాటు ఉంటే అది అసలైన తాళం. టెస్లా 2024లో ఇచ్చిన పేరెంటల్ కంట్రోల్స్‌లో ఇలాంటిది ఉంది, బండిని పికప్ తగ్గించే చిల్ మోడ్‌లో కట్టేయొచ్చు. కొన్ని కార్లలో ఉండే, పార్కింగ్ సిబ్బంది చేతికి బండి ఇచ్చేటప్పుడు వాడే వ్యాలే మోడ్ ఇంజన్ తిరుగుడికి కూడా కళ్ళెం వేస్తుంది. మీ కారు మాన్యువల్‌లో చూడాల్సిన మొదటి పేజీ అదే.

మరి కొత్త డ్రైవరుకు ఎంత బలం చాలు? హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, బరువుతో భాగించాలి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలు పి-ప్లేట్ డ్రైవర్లకు, అంటే కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళకు, టన్నుకు 130 కిలోవాట్లు దాటిన బండ్లను నిషేధించాయి. ఇటలీ ఇంకా గట్టిది: 2024 డిసెంబరులో సడలించాక కూడా మొదటి మూడేళ్ళూ టన్నుకు 75 కిలోవాట్లు, మొత్తం 105 కిలోవాట్లు మించకూడదు. మీ దగ్గర ఇలాంటి చట్టం ఉన్నా లేకపోయినా ఈ కొలబద్ద వాడుకోవచ్చు. కిలోవాట్లలో ఉన్న బలాన్ని టన్నులలో ఉన్న బరువుతో భాగించండి. 60 కిలోవాట్లున్న 950 కిలోల చిన్న కారుకు 63 వస్తుంది. 2015 ముస్టాంగ్ జీటీకి 435 గుర్రాలు, అంటే 324 కిలోవాట్లు, బరువు 1,700 కిలోలకు కాస్త తక్కువ. భాగిస్తే 190 దాటుతుంది. "సరే, ఎనిమిది సిలిండర్ల వీ8 వద్దు, చిన్న ఇంజన్ తీసుకుందాం" అంటారేమో, అదే ఏడాది ముస్టాంగ్‌లో అన్నిటికన్నా తక్కువ బలమున్నదానికే 300 గుర్రాలు.

నా ఓటు ఈ లెక్కలో 60కీ 90కీ మధ్య ఉన్న మధ్యరకం సెడాన్‌కో హ్యాచ్‌బ్యాక్‌కో. ముందు చక్రాలతో నడిచేది, ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు, వీలైతే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు ఉన్నది. మరీ చిన్నదీ, మరీ తేలికదీ వద్దు. బరువైన బండితో ఢీకొన్నప్పుడు తేలిక బండిలోవాళ్ళే ఎక్కువ దెబ్బ తింటారు. "ఎలాగూ గీతలు పడతాయి" అని పాత డొక్కు కారు అంటగట్టడం కూడా తప్పు లెక్కే. ఈఎస్‌సీ అమెరికాలో 2012 మోడళ్ళ నుంచి, ఐరోపా యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. అంతకన్నా పాతది కొంటుంటే ఉందో లేదో విడిగా చూసుకోవాలి. ఇంజన్ స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ వెలిగి ఆరితే ఉన్నట్టు. ఆరకుండా అలాగే వెలుగుతుంటే ఉన్నా పనిచేయనట్టు.

పిల్లల మనసు బొత్తిగా విరగ్గొట్టడం ఇష్టం లేకపోతే తేలిక స్పోర్ట్స్ కారు ఒక మధ్యేమార్గం. మాజ్డా ఎంఎక్స్-5లో 1.5 లీటర్ల ఇంజనుది సుమారు 96 కిలోవాట్లు, బరువు టన్నుకు అటూ ఇటూ. లెక్క 95 దగ్గర తేలుతుంది. వెనక చక్రాల బండే, కానీ తోక జారేది మెల్లగా, చెప్పి జారుతుంది. దీనికి ఎవరూ పెద్దగా ఎంచని సుగుణం ఇంకొకటుంది: రెండే సీట్లు. వయసు పిల్లల డ్రైవింగులో పక్కన ఎక్కిన స్నేహితుల సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్నది బాగా రుజువైన విషయం. వెనక సీటే లేకపోతే ఆ ముఠా ఎక్కడ ఎక్కుతుంది? 2 లీటర్ల ఇంజనుది మాత్రం 120 దాటుతుంది, దాని జోలికి పోవద్దు.

పెద్ద ఎస్‌యూవీ లోపలివాళ్ళకు కవచమే, బయటివాళ్ళకు కాదు. ఎత్తు వల్ల బోల్తా భయమూ ఉంది. మొదటి బండిగా వద్దు. బలమైన ఎలక్ట్రిక్ కారుకు పికప్ తాళం ఉంటే సరే, లేకపోతే అదీ స్పోర్ట్స్ కారు కిందే లెక్క. చప్పుడు చేయదు కాబట్టి ఎంత వేగం పెరిగిందో చెవికి కూడా తెలియదు.

ఇంట్లో ఉన్న స్పోర్ట్స్ కారును ఎప్పటికీ దాచలేరు, నిజమే. లైసెన్సు వచ్చిన మొదటి కొన్ని నెలలే అన్నిటికన్నా ప్రమాదకరం కాబట్టి కనీసం ఒక ఏడాది మామూలు కారులో గడవనివ్వండి. అందులో రాత్రిళ్ళు, వాన, హైవేలో చేరడం అన్నీ రావాలి. ఆ తర్వాత కూడా మొదటి పాఠం రోడ్డు మీద కాదు. ట్రాకులోనో, నీళ్ళు చల్లిన స్కిడ్ ప్యాడ్ (జారే బండిని అదుపు చేయడం సాధన చేసే చోటు) మీదో, శిక్షకుడు పక్కన ఉండగా. అక్కడ నేర్వాల్సినవి ముఖ్యంగా మూడు. 50లో వెళ్తూ బ్రేకును నేలకు తన్నినట్టు తొక్కి, పెడల్ గడగడలాడినా బండి ఆగేదాకా వదలకపోవడం. తోక జారినప్పుడు కళ్ళు గుద్దుకునేదాని మీద కాకుండా పోవాల్సిన దారి మీద నిలపడం. స్టీరింగు తిన్నగా అయ్యేకొద్దీ మాత్రమే యాక్సిలరేటర్ పెంచడం. మూడోది వచ్చిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన ఉపాయం: డ్యాష్‌బోర్డు మీద ఆ జారే కారు బొమ్మ మిణుకుమంటే, కాలు చేతికన్నా ముందు పరుగెత్తిందన్నమాట. పది రౌండ్లలో ఒక్కసారి కూడా అది మిణుకుమనకుండా తిరిగితే రోడ్డు మీదికి రావచ్చు, మొదట మీరు పక్కన కూర్చుని, పగలు, పొడి రోడ్డు మీద.

టైర్లు కూడా చూడండి. ఈ బండ్లకు వచ్చే వేసవి టైర్లు చలి 7 డిగ్రీల కిందికి దిగితే గట్టిపడి పట్టు తప్పుతాయి. వెడల్పు ఎక్కువ కాబట్టి నిలిచిన నీళ్ళ మీద ఇరుకు టైరుకన్నా ముందే తేలిపోతాయి. చాలా దేశాల్లో గాడి లోతు 1.6 మిల్లీమీటర్లున్నా చట్టం ఒప్పుకుంటుంది, కొత్త డ్రైవరున్న ఇంట్లో మాత్రం 3కి వచ్చేసరికి మార్చేయాలి. ఇన్సూరెన్సు వాళ్ళకు బండి ఎవరు తోలుతున్నారో ముందే రాతపూర్వకంగా చెప్పండి. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి. చెప్పకుండా తోలనిస్తే క్లెయిము రోజున మీ పేరున్న పాలసీ పనికిరాకుండా పోవచ్చు.

తాళం బీరువాలో పెట్టి అయిపోయిందనుకోవద్దు. ఈ రోజుల్లో బండి ఫోన్‌లోని యాప్‌తో కూడా తెరుచుకుంటుంది. ఎప్పుడో సరదాకి పిల్లాడి ఫోన్‌లో కలిపిన డిజిటల్ తాళం ఉంటే కారు సెట్టింగుల్లోకి వెళ్ళి తీసేయండి. మైకీ లాంటి ఏర్పాటులో పిల్లలకు ఇచ్చే తాళానికే ఆంక్షలు వర్తిస్తాయి. మీ జేబులోది మామూలుదే, దాంతో తీస్తే బండికి ఏ పగ్గమూ ఉండదు. రెండింటికీ వేరే రంగు రింగులు వేసి, మీది మీ దగ్గరే ఉంచుకోండి.