వెనక్కి తొక్కితే ఆగే సైకిలు: డచ్చి పల్లెల్లో ఆరు రోజులు

వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుందని బావగారికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "ఆఁ, తెలుసులేవోయ్" అన్నారు. స్టీన్‌వైక్‌లో అద్దె సైకిలెక్కి ఇరవై గజాలు పోయారో లేదో, మన అలవాటు కొద్దీ కాలు సర్దుకుందామని పెడలు అర చుట్టు వెనక్కి తిప్పారు. సైకిలు ఉన్నచోటే నిలబడిపోయింది, ఆయన హ్యాండిల్ మీదికి వచ్చారు. హ్యాండిలుకి బ్రేకు పిడి లేని సైకిలు నెదర్లాండ్స్‌లో మామూలే. చేతిబ్రేకులున్న సైకిలు కావాలని ముందే అడిగి తీసుకోవాలన్నది ఆ రోజు నేను నేర్చుకున్న మొదటి పాఠం.

బావగారిది కైకలూరు పక్కన కొల్లేటి లంక. చిన్నప్పుడు వానాకాలంలో బడికి దోనె మీద వెళ్లిన మనిషి. అక్కతో కలిసి ఉట్రెక్ట్‌లో మా ఇంటికి రెండు నెలలకని వచ్చి, పది రోజులకే ఆమ్‌స్టర్‌డామ్ కాలువలంటే మొహం మొత్తి కూర్చున్నారు. సైకిలు యాత్ర అనగానే అక్క మాత్రం "నా మోకాళ్లని నాతో ఉండనివ్వండ్రా" అని ఇంట్లోనే ఆగిపోయింది. అలా ఆగస్టు చివరి వారంలో మేమిద్దరం బయల్దేరాం. ఓవరైసెల్ ప్రావిన్సు ఉత్తరపు కొసన మొదలుపెట్టి, డ్రెంటెలోకి పోయి, మళ్లీ స్టీన్‌వైక్‌కే తిరిగొచ్చేలా ఒక చుట్టు. రోజుకి ముప్పై, నలభై కిలోమీటర్లు, అంతకు మించొద్దని బావగారి షరతు. నాకు మొదట అది మరీ తక్కువ అనిపించింది కానీ రెండో రోజుకల్లా ఆయన మాటే సరైందని ఒప్పుకున్నాను.

నా సైకిలుని రైల్లోనే తీసుకెళ్లాను. దానికి విడిగా టికెట్టు కొనాలి. వారపు రోజుల్లో ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా సైకిళ్లు ఎక్కించనివ్వరు. జూలై, ఆగస్టు నెలల్లో ఆ అడ్డు లేదు. సైకిలు బొమ్మ ఉన్న తలుపు దగ్గరే ఎక్కాలి. అది మన ముందు ఆగదు, ప్లాట్‌ఫారం ఆ చివర ఆగుతుంది, పరుగు తప్పదు.

దారి చూపించేది మాత్రం ఫోను కాదు, అంకెలు. సైకిలు దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక నంబరుంటుంది, తెల్ల పలక మీద ఆకుపచ్చ గుండ్రంలో. పక్క దేశం బెల్జియంలోని లింబర్గ్‌లో 1990లలో హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజనీరు ఈ పద్ధతి మొదలుపెట్టాడు, తర్వాత నెదర్లాండ్స్ అంతా పాకింది. పొద్దున్నే ఆ రోజు నంబర్లు చీటీ మీద రాసి హ్యాండిలుకి అంటిస్తే చాలు, తర్వాతి నంబరు ఎటో బాణం గుర్తు చెబుతుంది. అడవుల్లో దీనికి తోడు నేల మీద పుట్టగొడుగుల్లా పొట్టి దారిగుర్తులుంటాయి. 1919 నుంచీ ఉన్నాయట. వాటి మీద అక్షరాలు చదవాలంటే సైకిలు దిగి వంగాల్సిందే. బావగారు ప్రతి పుట్టగొడుగు దగ్గరా దిగారు. దారి కోసం కాదు, నడుం పట్టు వదలడానికని తర్వాత తెలిసింది.

మొదటి మజిలీ కాలెన్‌బెర్గ్. వీరిబెన్-వీడెన్ జాతీయ వనం నడుమ, కాలువకి అటూ ఇటూ ఒకే వరసలో సాగిపోయిన ఊరు. సైకిలు దారికి ఒక పక్క ఇళ్ల గుమ్మాలు, ఇంకో పక్క నీళ్లు. ఇది పైపైన చూస్తే రెల్లు, నీళ్లు, ఆకాశం, అంతే. కానీ ఇక్కడ కనపడే ఆకారమంతా మనుషులు తవ్విందే. వేల ఏళ్లుగా నీళ్లలో అణిగిపోయిన నాచూ గడ్డీ నల్లటి పీట్ మట్టిగా మారుతుంది. దాన్ని తోడి, ఆరబెట్టి, ఇటుకల్లా కోస్తే పొయ్యిలోకి వంటచెరుకు. "అంటే పిడకలే కదటోయ్" అన్నారు బావగారు. దాదాపు అంతే. తవ్వగా నీళ్లు నిండిన పొడుగాటి గుంటలు 'వేరెన్'. తోడిన మట్టి ఆరబెట్టడానికి మధ్యలో వదిలిన సన్నటి గట్లు 'రిబెన్'. వనం పేరు అదే. ఆశకు పోయి గుంటలు వెడల్పుగా, గట్లు సన్నగా వదిలిన చోట తుఫాను అలలు గట్లని కోసుకుపోయాయి. 1776 వరదల్లో బౌలాకె అనే ఊరే మునిగిపోయింది. ఇప్పుడక్కడ పడవలు తిరిగే పెద్ద చెరువుంది, ఆ ఊరి పేరుతోనే.

మర్నాడు పొద్దున ఆరింటికి బావగారు నీళ్ల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. చేతిలో విరిచిన రెల్లు కాడ. "ఇది మన కిక్కిసే" అన్నారు. కణుపు దగ్గర విరిచి, లోపలి బోలు చూపించి, గోటితో చీల్చి వాసన చూశారు. ఇక్కడ దీన్ని చలికాలంలో కోసి, కట్టలు కట్టి ఇళ్ల కప్పులకి వాడతారని చెప్పాను. "మేమూ పాకలకి వేసేవాళ్లం. ఇప్పుడు కొల్లేట్లో కిక్కిస తెగ పెరుగుతోంది, కోసేవాడేడీ?" అని, ఆ కాడని సైకిలు క్యారియర్‌కి పెట్టుకున్నారు. మూడు రోజులు అది మాతోనే తిరిగింది.

కాలెన్‌బెర్గ్‌లో మొదటి రాత్రి మేం పడుకున్నది 'ట్రెకర్స్‌హూట్'లో. క్యాంపు స్థలాల్లో నడిచేవాళ్ల కోసం, సైకిలువాళ్ల కోసం కట్టే చెక్క గది అది. నాలుగు బల్ల మంచాలు, ఒక బల్ల, ఒక దీపం. దుప్పట్లు మనవే తెచ్చుకోవాలి. స్నానాల గది యాభై అడుగుల అవతల. చవకే, నీళ్ల మీద పొగమంచు గుమ్మంలోకే వస్తుంది, కానీ దోమలు కూడా. అరవై దాటినవాళ్లకి ఒక రాత్రికి మించి సిఫారసు చేయను.

హీట్‌హోర్న్ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ దాని గురించే అడుగుతారు. కాలువలు, నూట డెబ్బైకి పైగా కొయ్య వంతెనలు, రెల్లు కప్పుల ఇళ్లు. ఫొటోల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది, మధ్యలో జనం తప్ప. పదకొండయ్యేసరికి కాలువలో అద్దె పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి, మేం సైకిళ్లు దిగి నడిపించుకుంటూ పోవాల్సొచ్చింది. ఊరి అంచున ఒక హోటల్లో గది తీసుకున్నాం. యాత్ర మొత్తంలో ఖరీదైన రాత్రి అదే, నిద్రపట్టని రాత్రీ అదే. కింద వంటగది గాలి గొట్టం మా కిటికీ పక్కనే రొదపెట్టింది. అదే ఊరికి దగ్గర్లో, యోనెన్ అనే చోట సైకిళ్లని దాటించే చిన్న బల్లకట్టు ఉంది. దాని మీద నాలుగు నిమిషాలు నిలబడితే హీట్‌హోర్న్‌లో వెతుక్కున్న నిశ్శబ్దం దొరికింది. పాత 'పుంటర్' పడవని గెడతో నడిపే ముసలాయన్ని చూసి బావగారు "గెడ వెయ్యడం తెలిసినోడే" అని యోగ్యతాపత్రం ఇచ్చారు.

మూడో రోజు నుంచి బస మార్చాం. 'వ్రీండెన్ ఆప్ ద ఫీట్స్' అంటే సైకిలు స్నేహితులు. ఏడాదికి చిన్న చందా కడితే దేశమంతా వేల ఇళ్ల జాబితా ఇస్తారు. కాలినడకనో సైకిలు మీదో వస్తేనే గది. కారులో వస్తే ఇవ్వరు. ఫోను చేసి అడగాలి, డబ్బు ఇంటివాళ్ల చేతికే ఇవ్వాలి. ముందటి రాత్రి హోటలుకి పెట్టినదాంట్లో సగం కూడా కాలేదు. డ్వింగెలోలో మాకు దొరికింది పెళ్లయి వెళ్లిపోయిన కూతురి గది, గోడ మీద ఆమె గుర్రపు స్వారీ పతకాలతో సహా. పొద్దున రొట్టె మీద వెన్న రాసి చాక్లెట్ పలుకులు చల్లి పెడితే బావగారు నా చెవిలో "ఇది టిఫినా, పుట్టినరోజా?" అన్నారు. తర్వాత లోటాలో 'కార్నెమెల్క్' వచ్చింది. గుక్క తాగి, ఆగి, మళ్లీ తాగి "మజ్జిగ!" అన్నారు. ఉప్పు అడిగి తెప్పించుకున్నారు. ఇంటావిడ కళ్లార్పకుండా చూసింది.

డ్వింగెలోకి వచ్చే దారిలో ఫ్రెడెరిక్సోర్డ్ దగ్గర పూట ఆగాం. 1818లో యోహాన్నెస్ వాన్ డెన్ బాష్ అనే సైనికాధికారి, పట్టణాల్లోని బీదవాళ్లకి ఇల్లూ, చెక్క భూమీ ఇచ్చి సేద్యంలో పెడితే దారిద్ర్యం పోతుందని ఇక్కడ కాలనీలు మొదలుపెట్టాడు. 2021లో యునెస్కో జాబితాలోకెక్కాయి. చెట్ల వరసల మధ్య దారులు బారుగా, కొలిచి గీసినట్టుంటాయి. చూడ్డానికి హాయిగానే ఉంది, కానీ ఆ బారుతనం కాపలాకి కూడా పనికొచ్చేదని తెలిశాక చూపు మారుతుంది.

ఈ యాత్రలో ఒక్కటే చూసే వీలుందంటే డ్వింగెల్డర్‌వెల్డ్ చూడమంటాను. దాదాపు 3,700 హెక్టార్ల జాతీయ వనం, ఆగస్టు చివర హీథర్ పొదలు పూసి నేలంతా వంగపండు రంగు. మధ్యమధ్య చిన్న మడుగులు. ఈ పొదల నేల దానంతటదే ఏర్పడిందనుకుంటాం, కాదు. ఇసక నేలల్లో పంట పండాలంటే ఎరువు కావాలి. రైతులు ఈ పొదల పెళ్లలు గీరి గొర్రెల కొట్టంలో పరిచి, పెంటతో కలిసినదాన్ని పొలాలకి తోలుకునేవారు. ఇది చెప్పగానే బావగారికి ఉషారొచ్చింది, చిన్నప్పుడు చేలో గొర్రెల మంద కట్టించిన రోజులన్నీ విప్పారు. ఇప్పుడు ఎరువు కోసం కాకపోయినా మందని మేపుతూనే ఉన్నారు, లేకపోతే బర్చ్ మొక్కలు లేచి మళ్లీ అడవైపోతుంది. ఒక జాగ్రత్త: గడ్డిలో కూర్చుంటే సాయంత్రం కాళ్లు, చంకలు వెతుక్కోవాలి. మన గేదెలకి పట్టే పిడుదుల్లాంటివే ఇక్కడ మనుషులకీ పట్టి జబ్బు తెస్తాయి. నా పిక్కకి ఒకటి దొరికింది, ఇంటావిడ చిన్న పట్టకారుతో లాగేసింది.

పొదల అంచున 1956 నాటి రేడియో దూరదర్శిని, 25 మీటర్ల పళ్లెం. కొన్నాళ్లు ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. మర్నాడు తూర్పుకి, వెస్టర్‌బోర్క్ శిబిరం దాకా తొక్కాం. అక్కడా పళ్లేలే, వరసగా పద్నాలుగు. వాటి పక్కనే, జర్మన్ల ఆక్రమణలో యూదుల్ని, సింతి, రోమా జనాన్ని రైళ్లెక్కించి చావు శిబిరాలకి పంపిన స్థలం. డైరీ రాసిన అన్నె ఫ్రాంక్‌ని 1944 సెప్టెంబరు 3న తీసుకెళ్లింది ఇక్కడి నుంచే. తిరిగి రానివాళ్లకి ఒక్కొక్కరికి ఒక రాయి చొప్పున 1,02,000 రాళ్లు నిలబెట్టారు. బావగారు టోపీ తీసి చేత్తో పట్టుకుని నడిచారు. తిరుగుదారి పొడుగునా మేం దాదాపు మాట్లాడుకోలేదు.

తిండి సంగతి ముందే చూసుకోవాలి. పల్లెల్లో హోటళ్ల వంటగది రాత్రి ఎనిమిదిన్నరకే ఆరిపోతుంది, వారం మొదట్లో రెండు రోజులు అసలు తెరవనివీ ఉన్నాయి. పేరెందుకుగానీ, ఒకచోట బయట బల్లలన్నీ ఖాళీగా ఉన్నా "ఈ రోజు వంట అయిపోయింది" అని తిప్పి పంపారు. ఆ రాత్రి రొట్టే, అక్క కట్టిచ్చిన ఆవకాయే గతి. పగలు మాత్రం లోటు లేదు. రైతుల పెరట్లో విశ్రాంతి చోట్లుంటాయి: ఫ్లాస్కులో కాఫీ, మరుగుదొడ్డి, పంక్చర్ సామాను, డబ్బులు వేయడానికి డబ్బా. ఎవరూ కనిపించరు.

చివరి రోజు నైరుతి గాలికి ఎదురు తొక్కుతూ హావెల్టె మీదుగా తిరిగొచ్చాం. అక్కడ అయిదు వేల ఏళ్ల నాటి రాకాసి బండల సమాధులు రెండున్నాయి. పెద్దదాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు విమానాశ్రయం కోసం పీకి పాతిపెడితే, తర్వాత తవ్వి తీసి మళ్లీ నిలబెట్టారు. ఆ బండల నీడలోనే మిగిలిన ఆవకాయ పూర్తి చేశాం.

నెల తర్వాత కైకలూరు నుంచి ఫోను. "మన సైకిలెక్కానోయ్. సందు మలుపులో గేదె అడ్డం వస్తే బ్రేకు కోసం వెనక్కి తొక్కా."

"ఆగిందా?"

"గేదె ఆగింది."