నమీబియా సఫారీ: గైడుతో వెళ్ళాలా, సొంతంగా నడుపుకోవాలా?

నమీబియా వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది సింహాల గురించి అనుకుంటాం. కాదు, బండి గురించే అడుగుతారు. "అక్కడ మనమే నడుపుకోవచ్చా, టూర్ వాళ్ళతో పోవడమే మంచిదా?" నేను రెండు రకాలుగానూ తిరిగాను. మొదటిసారి ఎనిమిది మంది గుంపులో, గైడుతో పదకొండు రోజులు. రెండేళ్ళ తర్వాత మా ఆవిడ, అత్తయ్యగారు, మామయ్యగారితో అద్దె ఫోర్ బై ఫోర్‌లో. నాకు తేలిందేమిటంటే, చాలామంది గైడుకి డబ్బు పెట్టాల్సిన చోట పెట్టరు, అక్కర్లేని చోట పెడతారు. జంతువులకి గైడు కావాలి, ఇసుక దిబ్బలకి ఎందుకూ అనుకుంటారు. నా అనుభవం సరిగ్గా దీనికి తలకిందులు.

ముందు దేశం సంగతి. నమీబియా విస్తీర్ణం దాదాపు 8.25 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి మూడు సార్లు పరిచినంత. జనాభా మాత్రం 30 లక్షలు. అంటే రోడ్డు మీద గంటసేపు పోయినా ఎదురుగా ఒక్క బండి రాకపోవచ్చు. మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగు కుడివైపే ఉంటుంది. ఇక్కడిదాకా మనకి అనుకూలమే. చిక్కంతా కంకర రోడ్లతో. బి అక్షరంతో మొదలయ్యే పెద్ద రోడ్లు తారువి. సి, డి రోడ్లు ఎక్కువగా కంకరవి. ఎడారికీ, వాయవ్యాన ఉన్న దామరాలాండ్‌కీ పోవాలంటే ఈ కంకర తప్పదు. ఎండిపోయి మడతలు పడ్డ చోట సిమెంటు రేకుల కప్పు మీద బండి నడిపినట్టే ఉంటుంది. అద్దె కంపెనీలు చాలావరకు కంకర మీద గంటకి 80 దాటొద్దని ఒప్పందంలోనే రాస్తాయి. ఇంకో బండిని గుద్దకుండా మన బండి మనమే బోల్తా కొట్టించుకుంటే బీమా వర్తించదనే షరతు కూడా చాలా ఒప్పందాల్లో ఉంటుంది. దాన్ని చదవకుండా సంతకం పెట్టకండి.

మా మామయ్యగారు కదిరి డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మొదటి రోజు కంకర మీద ఒక మలుపు దగ్గర నేను గట్టిగా బ్రేకు తొక్కాను. వెనక చక్రాలు పక్కకి జారాయి. ఆయన కిటికీలోంచి చూపు తిప్పకుండానే అన్నారు: "అల్లుడుగారూ, ఇట్లాంటి రోడ్డు మీద బ్రేకుని నమ్ముకోకూడదు. ముందే గేరు దింపండి." ఆ ఒక్క మాటతో మిగతా రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు గడిచిపోయాయి. పంచర్లు మాత్రం రెండయ్యాయి. అందుకే అక్కడి బండ్లకి రెండు స్టెప్నీలు ఇస్తారు. జాకీ పెట్టి చక్రం మార్చడం చేతకాకపోతే, బండిలో ఆ పని తెలిసినవాళ్ళు ఒక్కరైనా లేకపోతే, సొంత డ్రైవింగు మాట మర్చిపోవడం మేలు.

ఇక ఎటోషా. 1907లో జర్మన్ల కాలంలో ప్రకటించిన రక్షిత ప్రాంతం. ఇప్పుడు 22 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. మధ్యలో దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల ఉప్పు మైదానం. ఎటోషా అంటే స్థానిక భాషలో పెద్ద తెల్లని చోటు అనే అర్థం. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలుండవు. గడ్డి ఎండిపోతుంది. ఎక్కడో అక్కడ నీళ్ళు తాగక తప్పదు కాబట్టి జంతువులన్నీ నీటి గుంటల చుట్టూ చేరతాయి. వాటిని వెతకడానికి గొప్ప నైపుణ్యం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. గుంట పక్కన ఇంజను ఆపి రెండు గంటలు కూర్చుంటే చాలు.

గైడు బండిలో కష్టమయ్యేది సరిగ్గా ఈ కూర్చోవడమే. మా మొదటి ప్రయాణంలో ఒక గుంట దగ్గర పాతిక నిమిషాలున్నాం. గుంపులో ఒకాయనకి సింహమే కావాలి, ఒకావిడకి పక్షులు కావాలి, ఇద్దరికి బాత్రూము కావాలి. గైడు ఏం చేస్తాడు, బయల్దేరదీశాడు. రెండోసారి అదే గుంట దగ్గర పొద్దున ఎనిమిదింటి నుంచి పదకొండు దాకా కూర్చున్నాం, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింటూ. ముందు ఏనుగుల మంద వచ్చింది. అవి తాగినంతసేపూ జీబ్రాలు, స్ప్రింగ్‌బోక్ జింకలు యాభై అడుగుల దూరంలో నిలబడిపోయాయి. ఏనుగులు కదిలాక జీబ్రాలు, వాటి తర్వాత జింకలు. అత్తయ్యగారు చాలాసేపు చూసి అన్నారు, "చూడు బాబూ, ఎవరి వంతు వచ్చిందాకా వాళ్ళు ఆగుతున్నారు. మన వీధి కుళాయి దగ్గర ఏనాడైనా ఇంత వరస చూశామా?"

ఎటోషా లోపలి ఒకౌకుయేజో క్యాంపులో రాత్రిపూట దీపాలు వేసిన గుంట ఒకటుంది. చిన్న రాతి గోడ, దాని వెనక బెంచీలు. క్యాంపులో దిగినవాళ్ళు ఎవరైనా ఎంతసేపైనా కూర్చోవచ్చు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న నల్ల ఖడ్గమృగాన్ని ఇంత తేలిగ్గా చూడగలిగే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. మేమున్న రాత్రి తల్లీపిల్లా వచ్చాయి. నలభై మంది మనుషులు ఊపిరి బిగబట్టుకుని ఉంటే, అవతల నీళ్ళు పీల్చే చప్పుడొకటే. అక్కడ గైడు చేసేదేమీ లేదు.

నిజం చెప్పాలంటే గైడుకి ఎటోషాలోనూ రెండు లాభాలున్నాయి. వాళ్ళ బండి ఎత్తుగా ఉంటుంది, పొదల మీదుగా కనిపిస్తుంది. ఎదురుపడ్డ గైడ్లు ఏది ఎక్కడుందో ఒకరికొకరు చెప్పుకుంటారు. మనకి అది లేకపోయినా, క్యాంపు ఆఫీసులో ఎవరెవరు ఏం చూశారో రాసే పుస్తకం ఉంటుంది, రోజూ పొద్దున ఒకసారి తిరగేయండి. సొంత బండ్లకి పొద్దు పొడిచాక, పొద్దు గుంకేలోపు మాత్రమే అనుమతి. రాత్రి తిరగాలంటే ఆ ఒక్క పూటకి క్యాంపు వాళ్ళ గైడు బండి ఎక్కాలి. ఇంకో మాట, ఎటోషాలో అడవిదున్నలు, నీటిగుర్రాలు లేవు. వాటి కోసమైతే బోట్స్వానా వైపు చూసుకోండి.

చీతాల గురించి అడుగుతారు, 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని మన కూనో పార్కుకి వచ్చిన మొదటి ఎనిమిదీ ఇక్కడివే కదా అని. నమీబియాలో చీతాలు ఎక్కువగా పార్కుల బయట, పశువుల ఫారాల భూముల్లో బతుకుతాయి. కాబట్టి ఎటోషాలో కనిపిస్తే అదృష్టమే. రాజధాని విండ్‌హుక్ నుంచి ఎటోషా పోయే దారిలో ఓచివరోంగో దగ్గర చీతా కన్సర్వేషన్ ఫండ్ కేంద్రం ఉంది, అక్కడ ఒక పూట ఆగొచ్చు. గైడుతో వెళ్ళినా, సొంతంగా వెళ్ళినా దారి అదే.

ఇప్పుడు ఎడారికొద్దాం. నా వాదన అంతా నిలబడేది ఇక్కడే.

సోసస్‌వ్లే దిబ్బల దగ్గరికి సెస్రియెమ్ గేటు నుంచి 60 కిలోమీటర్లు చక్కటి తారు రోడ్డు. ఆ చివర నుంచి దాదాపు ఐదు కిలోమీటర్లు లోతు ఇసుక. నేను ఫోర్ బై ఫోర్ ఉందన్న ధీమాతో టైర్లలో గాలి తగ్గించకుండా దిగాను. మూడు వందల మీటర్లు పోయామో లేదో బండి పొట్టదాకా కూరుకుపోయింది. పక్కనుంచి పోతున్న ఒక గైడు ఆగి, మాట్లాడకుండా నాలుగు చక్రాల దగ్గరా వంగి గాలి వదిలేశాడు. ఐదు నిమిషాల్లో బయటపడ్డాం. మామయ్యగారు ఈ విషయం ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంటారు. తారు రోడ్డు చివర బండి ఆపేసి పార్కు వాళ్ళ షటిల్ ఎక్కితే ఈ గొడవే ఉండదు.

సోసస్‌వ్లే పక్కనే ఉన్న డెడ్‌వ్లేలో తెల్ల మట్టి నేల మీద నల్లగా నిలబడ్డ తుమ్మజాతి చెట్లుంటాయి. చచ్చిపోయి ఆరేడు వందల ఏళ్ళయినా గాలిలో తేమ లేక కుళ్ళలేదు. ఫొటో అందరికీ ఒకేలా వస్తుంది, గైడున్నా లేకపోయినా. తేడా చేసేది వేళ. పార్కు లోపలి క్యాంపులో దిగినవాళ్ళని గేటు బయటివాళ్ళకన్నా ముందు, తెల్లవారకముందే లోపలికి వదులుతారు. చౌక గైడు టూర్లు తరచూ బయటి లాడ్జిలో దింపి ఈ గంటని పోగొడతాయి. అవతలి దిబ్బ నీడ లోయలోంచి జరిగేది ఆ గంటలోనే.

కానీ ఎడారి అంటే దిబ్బ ఒకటే కాదు. సముద్రతీరాన ఉన్న స్వాకోప్ముండ్ ఊరి పక్కన సగం పూట ఎడారి నడకకి ఒక గైడుతో వెళ్ళాం. దామరా తెగ మనిషి, మాటల మధ్య నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తూ మాట్లాడేవాడు. నా కళ్ళకి అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. ఆయన ఒక చోట ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలు పెట్టి చూపించాడు. ఇసుకలో రెండు ఆవగింజలు. మా ఆవిడ దగ్గరికి వంగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అవి ఆవగింజలు కావు, పెరింగీ పొడపాము కళ్ళు. ఒళ్ళంతా ఇసుకలో పూడ్చుకుని కళ్ళొక్కటే పైకి పెట్టుకుంది, అవి దాని నడినెత్తిన ఉంటాయి. పాము మొత్తం నా అరచెయ్యంత కన్నా కాస్త పొడుగు, అంతే. నేనొక్కణ్ణే అయితే దాన్ని తొక్కేసేవాణ్ణి.

తర్వాత ఒక ఊసరవెల్లి. పొద్దుటి చలిలో నల్లగా మారి ఎండ పీల్చుకుంటోంది, ఎండ ముదిరాక తెల్లబడుతుందట. తర్వాత జేబులోంచి అయస్కాంతం తీసి ఇసుక మీద ఆడించాడు, నల్లటి ఇనుప రేణువులు మీసాల్లా లేచి అంటుకున్నాయి. దిబ్బల శిఖరాల మీద కనిపించే నల్లచారలు అవేనని అప్పుడు తెలిసింది. అక్కడ ఏడాదికి 20 మిల్లీమీటర్ల వాన పడటమే గొప్ప. వర్షాభావానికి పేరుపడ్డ మన అనంతపురానికే 500 దాటుతుంది. మరి ఇవన్నీ ఎలా బతుకుతున్నాయి? సముద్రంలో చల్లటి బెంగ్వేలా ప్రవాహం వల్ల పొద్దున్నే పొగమంచు లోపలికి వస్తుంది. ఒక నల్ల పురుగు దిబ్బ అంచున తల కిందికి పెట్టి, వెనక భాగం పైకెత్తి నిలబడుతుంది. మంచు దాని వీపు మీద నీటి బొట్లయి నోట్లోకి జారుతుంది. ఇదంతా గైడు చూపించాడు కాబట్టి చూశాం. ఆ సగం పూట లేకపోతే నాకు నమీబ్ ఎడారి అంటే ఇప్పటికీ ఎర్రటి ఇసుక గుట్టే.

దామరాలాండ్‌లోనూ ఇదే కథ. ఎండిన ఏటి గర్భాల్లో తిరిగే ఎడారి ఏనుగుల్ని పట్టుకోవాలంటే నిన్నటి అడుగుకీ ఇవాళ్టి అడుగుకీ తేడా తెలిసిన మనిషి కావాలి. ట్వైఫెల్‌ఫాంటేన్ రాతి చెక్కడాలు 2007లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్ళాయి, అక్కడ స్థానిక గైడు లేకుండా అడుగే పెట్టనివ్వరు. మంచిదే. 1996 చట్టంతో అక్కడి ఊళ్ళకి తమ భూముల్లోని జంతువుల మీద హక్కులొచ్చాయి. కన్సర్వెన్సీలుగా, అంటే జంతువుల్ని కాపాడుకునే ఊరి సంఘాలుగా ఏర్పడి పర్యాటకం మీద ఆదాయం తెచ్చుకుంటున్నారు. మీరు స్థానిక గైడుకి ఇచ్చే డబ్బుకి అక్కడి ఖడ్గమృగాలు బతికుండటానికీ నేరుగా సంబంధముంది.

గైడు టూరు అంటే అన్నీ ఒకటి కావు. ఇరవై మంది పట్టే ట్రక్కులో టెంట్లు మనమే వేసుకోవాలి, గిన్నెలు వంతులవారీగా తోమాలి. ఒంటరిగా వెళ్ళే కుర్రాళ్ళకి సరదాగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కాదు. ఏడెనిమిది మంది బండయితే అందరికీ కిటికీ దొరుకుతుంది. మన కుటుంబానికే ప్రత్యేకంగా గైడుని పెట్టుకోవడం అన్నిటికన్నా హాయి, డబ్బున్నవాళ్ళు వేరే ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. చిన్న విమానాల్లో లాడ్జి నుంచి లాడ్జికి ఎగిరేవీ ఉన్నాయి. అవి మన బేరం కాదు.

లెక్క సూటిగా ఉంటుంది. గైడు టూరుకి తలకింతని కట్టాలి, ఒక్కరే గదిలో ఉంటే అదనం కూడా. అద్దె బండికి ఇద్దరెక్కినా నలుగురెక్కినా అద్దె ఒకటే. నలుగురయ్యేసరికి సొంత డ్రైవింగు బాగా చవకవుతుంది, ఇద్దరికి అంత తేడా కనపడదు, ఒక్కరికైతే గైడు గుంపే నయం. శాకాహారులకి ఇంకో లెక్క. లాడ్జిల్లో భోజనమంటే మాంసమే ప్రధానం, ముందే చెబితే కూరగాయలేవో చేసిపెడతారు గానీ మూడో రోజుకి నోరు చచ్చిపోతుంది. సొంత బండిలో గ్యాసు పొయ్యి, బియ్యం, పప్పు ఉంటే అత్తయ్యగారి మొహంలో కళ తగ్గలేదు.

మరి ఏది? డ్రైవింగు చేతనైనవాళ్ళు ఇద్దరుండి, మొత్తం నలుగురైతే బండి అద్దెకి తీసుకోండి. ఎటోషాలో మీ బండే, కనీసం మూడు రాత్రులు. స్వాకోప్ముండ్‌లో సగం పూట, దామరాలాండ్‌లో ఒక రోజు గైడుకి డబ్బు పెట్టండి, అక్కడ పిసినారితనం చెయ్యొద్దు. కంకర రోడ్డంటే భయమున్నా, నడిపేది ఒక్కరే అయినా చిన్న గుంపు గైడు టూరే మేలు. అప్పుడు బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి: సెస్రియెమ్‌లో రాత్రి గేటు లోపలా బయటా? ఎటోషా లోపలి క్యాంపుల్లో ఎన్ని రాత్రులు? మొదటిదానికి బయట అన్నా, రెండోదానికి ఒకటే అన్నా ఇంకో కంపెనీని చూసుకోండి.

వచ్చే ఆగస్టుకి మళ్ళీ అనుకుంటున్నాం. ఈసారి స్టీరింగు తనకే కావాలని మామయ్యగారు అంతర్జాతీయ లైసెన్సుకి ఇప్పటికే కాగితాలు సర్దుకుంటున్నారు.